పాత వ్యానులో థర్మోస్టాటే లేదు: కొత్తది వేయాలా, ఇలాగే నడపాలా?

ముసలి_వ్యాను

అందరికీ నమస్కారం. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత వ్యాను తీసుకున్నాను. పెట్రోలు బండి, కార్బురేటర్. ఇంజిన్ ముందు సీట్ల కింద, రేడియేటర్ బంపరు వెనక. ఖాళీ రోడ్డు మీద పోతుంటే టెంపరేచర్ ముల్లు అట్టడుగు గీత దగ్గరే ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, లోడుతో ఎత్తు ఎక్కినా అదే ముల్లు పైకి పాకుతుంది. హీటర్ వేస్తే గోరువెచ్చని గాలి తప్ప ఏమీ రాదు.

రేడియేటర్ పై హోసు పగుళ్లిచ్చిందని మార్చబోయి, ఇంజిన్ మీద అది తగిలే హౌసింగ్ (లోహపు మూత) విప్పాను. లోపల థర్మోస్టాట్, అదే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, లేదు. అది కూర్చునే గూడు మాత్రం ఉంది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "హీటెక్కుతోందని మెకానిక్ తీసి పారేశాడు, అప్పట్నుంచీ బాగానే ఉంది" అన్నాడు.

ఇప్పుడు కొత్తది వేయాలా? వేస్తే ఎన్ని డిగ్రీలది? వేశాక మళ్లీ ఉడికిపోతే? ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి చిక్కటి జిగురు కనిపించింది. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయి ఆయిల్లో నీళ్లు కలిసినట్టేనా?

చల్లని_బుర్ర

వేయొద్దు బ్రదర్. ఎండలు మండే చోట థర్మోస్టాట్ దండగ. అది మంచు దేశాల బండ్ల కోసం. నేను చూసిన పాత బండ్లలో సగం వాటికి అది లేదు, అన్నీ తిరుగుతున్నాయి. పైగా అది మూసుకుని జామ్ అయితే ఇంజిన్ సీజ్. లేని వస్తువు జామ్ కాదు కదా.

పానా_బాబాయి

తిరుగుతున్నాయి నిజమే, ఎలా తిరుగుతున్నాయో హెడ్ విప్పినవాళ్లని అడగాలి.

బయట ఎంత ఎండ ఉన్నా గాలి 45 డిగ్రీలు దాటడం అరుదు. ఇంజిన్‌లో కూలెంట్, అంటే చల్లబరిచే నీళ్లు, ఉండాల్సింది 80 నుంచి 95 మధ్య. అంటే మండుటెండలో కూడా ఇంజిన్ ఇంకో 40 డిగ్రీలు వేడెక్కాలి. థర్మోస్టాట్ లేకపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచే నీళ్లు రేడియేటర్ చుట్టూ తిరుగుతాయి. ఖాళీ రోడ్డు మీద ఎదురుగాలికి రేడియేటర్ ఇంకా చల్లబడుతుంది, ఇంజిన్ 60 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తూ కిందికి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగుతుంది. పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు తొందరగా అరుగుతాయి. స్పార్క్ ప్లగ్గులు తీసి చూడు తమ్ముడూ, నల్లగా మసి పట్టి ఉంటాయి.

నీ మూత కింద జిగురు కూడా చాలా వరకు దీని పనే. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకపోతే లోపల చేరిన తేమ ఆవిరై బయటికి పోదు. మూత చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆయిల్‌తో కలిసి పేరుకుంటుంది. హెడ్ గాస్కెట్ అని ఇప్పుడే బెంగపడకు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి చూడు. ఆయిల్ శుభ్రంగా ఉండి, రేడియేటర్లో నీళ్లు తగ్గకుండా ఉంటే ఆ జిగురు తేమే. డిప్‌స్టిక్ మీద కూడా తెల్లగా ఉంటే మాత్రం బండి తీయకు, ఇక్కడికొచ్చి చెప్పు.

ముసలి_వ్యాను

బాబాయి గారూ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉంది, తెలుపు లేదు. కొంచెం పెట్రోలు వాసన వస్తోంది. ప్లగ్గులు మీరన్నట్టే మసి. రేడియేటర్లో నీళ్లు తగ్గడం లేదు.

నాకు అర్థం కానిది ఒక్కటే. థర్మోస్టాట్ లేకపోతే బండి ఎప్పుడూ చల్లగా ఉండాలి కదా? మరి ట్రాఫిక్‌లో, ఎత్తులో ఎందుకు వేడెక్కుతోంది?

హైవే_అక్క

దీనికి అందరూ చెప్పే జవాబు నాకు తెలుసు. "నీళ్లు మరీ వేగంగా పరుగెత్తుతాయి, రేడియేటర్లో చల్లబడడానికి టైమ్ దొరకదు." మా డ్రైవర్లందరి నోటా ఇదే మాట.

లెక్కల_మేష్టారు

అక్కా, ఆ మాట ఎంత ప్రచారంలో ఉన్నా తప్పు. నీళ్లు ఒక పక్క రేడియేటర్లో తక్కువసేపు ఉంటే, అదే లెక్కన ఇంజిన్‌లోనూ తక్కువసేపే ఉంటాయి. ప్రవాహం పెరిగితే వేడి మార్పిడి పెరుగుతుందే గానీ తగ్గదు. నెమ్మదిగా పంపితే బాగా చల్లబడుతుందన్నదే నిజమైతే పంపు తీసేస్తే ఇంకా బాగుండాలి.

అసలు కారణాలు వేరు. మొదటిది బైపాస్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఒక చిన్న దారిలో తిరిగి పంపుకే వస్తాయి. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కి రెండు పళ్లేలుంటాయి. వేడెక్కినప్పుడు పై పళ్లెం రేడియేటర్ దారి తెరుస్తుంది, అడుగు పళ్లెం అదే సమయంలో బైపాస్‌ని మూసేస్తుంది. థర్మోస్టాట్ మొత్తం తీసేస్తే బైపాస్‌ని మూసే దిక్కు లేదు. మరిగే నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. ఖాళీ రోడ్డు మీద వేడి తక్కువ, గాలి ఎక్కువ, కాబట్టి చెల్లిపోతుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు రేడియేటర్ సత్తా మొత్తం కావాలి, అప్పుడు అది చాలదు. అందుకే ఒకే బండి అటు మరీ చల్లగా, ఇటు మరీ వేడిగా.

రెండోది ఒత్తిడి. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నా దారికి కాస్త అడ్డంగానే ఉంటుంది. దానివల్ల పంపు తోసిన నీళ్లకి ఇంజిన్ బ్లాకులో కొంచెం ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి లేకపోతే ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ బాగా వేడి ఉన్న చోట ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ ఉన్నచోట లోహానికి నీళ్లు తగలవు.

చల్లని_బుర్ర

మేష్టారూ, బైపాస్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అన్ని ఇంజిన్లకీ రెండు పళ్లేలు ఉండవు కదా. ఒకే పళ్లెం ఉన్నవి చాలా చూశాను.

లెక్కల_మేష్టారు

నిజమే. ఒకే పళ్లెం ఉన్నవాటిలో బైపాస్ సన్నగా, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అలాంటి వాటిలో తీసేసినా వేడెక్కడం పెద్దగా తెలియదు, చల్లగా నడిచే సమస్య మాత్రం ఉంటుంది. అందుకే కొత్తది కొనేటప్పుడు సైజు సరిపోయిందని ఏదో ఒకటి తీసుకోకూడదు. రెండు పళ్లేల గూట్లో ఒకే పళ్లెం ఉన్నది వేస్తే, అది ఎంత కొత్తదైనా బైపాస్ తెరిచే ఉంటుంది.

పానా_బాబాయి

ఇప్పుడు అసలు మాటకొద్దాం. ముందు మెకానిక్ దాన్ని ఎందుకు తీశాడు? బండి హీటెక్కుతోందని. ఆ హీటు దేనివల్ల వచ్చిందో ఎవరూ చూడలేదు. థర్మోస్టాట్ ఇంజిన్ ఇంతకంటే చల్లబడకూడదని చూస్తుంది. ఇంతకంటే వేడెక్కకూడదని చూసే పని దానిది కాదు, అది రేడియేటర్, ఫ్యాను, పంపు చూసుకోవాలి. కాబట్టి కొత్తది వేసేముందు ఆ మూడింటినీ చూడు. లేకపోతే పాత జబ్బు మళ్లీ బయటపడుతుంది, నువ్వొచ్చి "బాబాయి మాట విని వేశాను, ఉడికింది" అంటావు.

బండి బాగా నడిపి ఆపాక రేడియేటర్ ముఖం మీద అక్కడక్కడా వేడి చూడు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మేలు. మధ్యలో కొన్ని చోట్ల బాగా చల్లగా ఉంటే అక్కడ గొట్టాలు పూడుకుపోయినట్టు. ఏళ్ల తరబడి మామూలు నీళ్లు పోసిన బండ్లలో ఇది మామూలే, సున్నం, తుప్పు పేరుకుంటాయి. బయట రెక్కల మధ్య దుమ్ము, పురుగులు ఉంటే వెనక నుంచి ముందుకి నీళ్లు కొట్టాలి. మరీ ఒత్తిడితో కొడితే రెక్కలు వంగిపోతాయి, జాగ్రత్త.

ఫ్యాను కరెంటుదా, బెల్టుదా?

ముసలి_వ్యాను

కరెంటుదే. తిరగడం నేను ఎప్పుడూ వినలేదు, ఇప్పుడాలోచిస్తుంటే.

హైవే_అక్క

దొరికింది దొంగ! ట్రాఫిక్‌లో వేడెక్కే బండికి మొదటి అనుమానం ఫ్యాను మీదే.

రేడియేటర్‌కి పక్కన లేదా కింద ఫ్యాన్ స్విచ్ ఉంటుంది, రెండు వైర్లు వస్తాయి. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, స్విచ్‌కి తగిలించిన కనెక్టర్ ఊడదీసి ఆ రెండు వైర్లూ చిన్న వైరు ముక్కతో కలపండి. ఫ్యాను తిరిగితే మోటారు బాగుంది, స్విచ్ పోయింది. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూసుకోండి. చేతులు, చున్నీ, వేలాడే బట్టలు ఫ్యానుకి దూరంగా ఉంచండి. వైరు ఒక్కటే వచ్చే స్విచ్ అయితే దాన్ని బాడీకి తాకించి చూడాలి.

ఇంకో మాట. బండి పాతదైతే గేజిని పూర్తిగా నమ్మొద్దు. కొన్ని పాత బండ్లలో టెంపరేచర్ ముల్లుకీ పెట్రోలు ముల్లుకీ కలిపి ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది. అది పాడైతే రెండూ కలిసి అబద్ధం చెబుతాయి. మీ పెట్రోలు ముల్లు సరిగ్గా చూపిస్తోందా?

ముసలి_వ్యాను

పెట్రోలు ముల్లు సరిగ్గానే ఉందక్కా. వైర్లు కలిపితే ఫ్యాను గిర్రున తిరిగింది. అంటే స్విచ్ పోయింది. కొత్త స్విచ్ తెప్పిస్తున్నాను. రేడియేటర్ ఒక మూల తప్ప అంతా సమానంగానే వేడిగా ఉంది. రేడియేటర్ మూతకి రబ్బరు ఎండి పగిలింది.

లెక్కల_మేష్టారు

మూత మార్చండి, వాయిదా వేయొద్దు. 0.9 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) మూత గట్టిగా పట్టి ఉంటే ఉత్త నీళ్లు కూడా 100 బదులు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పోతే ఆ లాభం మొత్తం పోతుంది. మూత మీద ఎంత ఒత్తిడి అని అచ్చు వేసి ఉందో అంతే ఉన్నది కొనండి. ఎక్కువ బార్‌ది వేస్తే పాత హోసులు, హీటర్ కోర్ తట్టుకోలేక కారుతాయి. వేడి ఇంజిన్ మీద మూత తిప్పకూడదని మీకు తెలుసనుకుంటాను, అయినా చెబుతున్నా. ఒత్తిడి పోగానే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి వస్తాయి.

ముసలి_వ్యాను

తెలుసు సార్, థాంక్స్. ఇప్పుడు థర్మోస్టాట్ ఎన్ని డిగ్రీలది? దొరికేవాటిలో 76, 82, 88 అని ఉన్నాయి. ఎండ ప్రాంతం కాబట్టి 76 వేస్తే సేఫ్ కదా?

పానా_బాబాయి

సేఫ్ అనిపిస్తుంది, కానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ అంకె వాల్వు తెరుచుకోవడం మొదలయ్యే వేడి. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10, 15 డిగ్రీలు పడుతుంది. పూర్తిగా తెరుచుకున్నాక 76దైనా 88దైనా ఒకటే, మిగతాది రేడియేటర్ చేతిలో ఉంటుంది. ట్రాఫిక్‌లో ఉడికే బండి 76 వేసినా ఉడుకుతుంది, కాకపోతే రెండు నిమిషాలు ఆలస్యంగా. కంపెనీ వాళ్లు ఏది రాస్తే అదే వెయ్యి. మాన్యువల్ లేకపోతే నీ ఇంజిన్ నంబరు చెప్పి అడుగు.

డీజిల్_దొర

మధ్యలో వస్తున్నా. కొత్తదైనా వేసేముందు నీళ్లలో పరీక్షించండి. కొత్త డబ్బాలోంచి తీసినదే తెరుచుకోకపోవడం నేను కళ్లారా చూశాను. వాల్వు సందులో దారం పెట్టి, ఆ దారంతో గిన్నెలో వేలాడదీయండి. అడుగుకి తగలకూడదు, గిన్నె అడుగు నీళ్లకంటే వేడిగా ఉంటుంది. పక్కనే థర్మామీటర్. నెమ్మదిగా కాచండి. వాల్వు తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ కింద పడుతుంది. అప్పుడు చూపించే వేడే అది తెరుచుకునే వేడి. అచ్చు వేసిన అంకెకి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ ఉంటే పరవాలేదు. తర్వాత బయట పెడితే చల్లారి గట్టిగా మూసుకోవాలి.

ముసలి_వ్యాను

లోపల స్ప్రింగ్ తప్ప ఏమీ కనపడదు. నీళ్ల వేడి దానికెలా తెలుస్తుంది అన్నా?

డీజిల్_దొర

అడుగున ఇత్తడి గుళిక కనిపిస్తోందా? అందులో మైనం ఉంటుంది. ఆ మైనం కరిగేటప్పుడు వ్యాకోచించి ఒక సన్నని కడ్డీని బయటికి నెడుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. చల్లారితే స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది. కరెంటు లేదు, వైరు లేదు. అందుకే ఆ గుళిక ఎప్పుడూ ఇంజిన్ వైపు, వేడి నీళ్లలో ఉండాలి. తిరగేసి పెడితే గుళికకి వేడి అందదు, వాల్వు తెరుచుకోదు, ఇంజిన్ ఉడుకుతుంది. తప్పు థర్మోస్టాట్ మీద పడుతుంది.

పానా_బాబాయి

బాగా చెప్పావు దొరా. ఇక బిగించే పని. ఇందులో తొందరపడితే అల్యూమినియం హౌసింగ్ చెవి విరుగుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ కింద నుంచి నీళ్లు దింపు. హౌసింగ్ కంటే మట్టం కిందికి వస్తే చాలు. కానీ నీ బండిలో ఎన్నేళ్ల నీళ్లో తెలియదు కాబట్టి మొత్తం దింపి కడగడం మంచిది. నువ్వు ఇప్పటికే హౌసింగ్ విప్పావు కాబట్టి బోల్టులు విరగకుండా వచ్చాయి, అదృష్టం. ఇనుప బోల్టు, అల్యూమినియం కలిసిన చోట తెల్లటి పొడి పట్టి బిగుసుకుంటుంది. ఇది చదివే మిగతావాళ్లకి చెబుతున్నా: రాకపోతే బలం పెట్టొద్దు. రస్ట్ స్ప్రే కొట్టి వదిలేసి, కొంచెం బిగించి కొంచెం వదిలించి, అలా ఆడిస్తూ తీయాలి.

పాత గాస్కెట్ ముక్కలు గీకేటప్పుడు ఇంజిన్ నోట్లో గుడ్డ కుక్కు, ముక్కలు లోపల పడకుండా. తర్వాత మర్చిపోకుండా తీసెయ్. హౌసింగ్ ముఖం తుప్పు తిని గుంటలు పడిందా చూడు. గాజు పలక మీద సన్న ఎమరీ కాగితం పరిచి, దాని మీద ముఖాన్ని గుండ్రంగా రుద్దితే ఎక్కడ వంగిందో కనిపిస్తుంది, కొద్దిపాటి వంపు పోతుంది కూడా. గుంటలు లోతుగా ఉంటే హౌసింగే మార్చాలి, పేస్ట్ పూసి సరిపెట్టొద్దు.

థర్మోస్టాట్ అంచు ఆ గూట్లో సమంగా కూర్చోవాలి. నిలువుగా ఉండే హౌసింగ్‌లో బిగించేటప్పుడు జారిపోతుంది, నీకు తెలియదు. అలాగే బోల్టు తిప్పితే చెవి టప్పున విరుగుతుంది. నేనైతే పేపర్ గాస్కెట్‌కి చిటికెడు సీలెంట్ రాసి, థర్మోస్టాట్‌ని గూట్లో అతికించి, కాస్త ఆరాక హౌసింగ్ పెడతాను. రబ్బరు రింగు వచ్చే రకమైతే సీలెంట్ అసలు వద్దు. బోల్టులు ముందు చేత్తో, తర్వాత అటొకటి ఇటొకటి కొద్దికొద్దిగా. 8 మిల్లీమీటర్ల బోల్టుకి 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు, 6దైతే 10. టార్క్ పానా లేకపోతే పొట్టి పానాతో, ఒంటి చేత్తో.

హైవే_అక్క

థర్మోస్టాట్ పళ్లెం మీద చిన్న రంధ్రం, అందులో ఆడే పిన్ను ఉంటే దాన్ని పైవైపు పెట్టండి. గాలి బయటికి పోయే దారి అదే.

సీటు కింద ఇంజిన్ ఉన్న బండ్లలో గాలి తీయడమే పెద్ద పని. పైపులు పొడవు, మధ్యలో ఎత్తుపల్లాలు. హీటర్ మీట పూర్తి వేడి వైపు పెట్టి, ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా వ్యానుని వాలు మీద ఆపి, చేతి బ్రేకు వేసి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. కూలెంట్ నెమ్మదిగా పోయండి, మధ్యమధ్య హోసులు పిసకండి. గాలి తీసే స్క్రూ ఎక్కడైనా ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి ధార వచ్చేదాకా ఉంచండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ముల్లు చూస్తూ ఉండండి. మట్టం టక్కున పడిపోతే భయపడొద్దు, థర్మోస్టాట్ తెరుచుకుంది, అక్కడ చోటు ఏర్పడింది, మళ్లీ పోయండి.

ముల్లు పైకి పోతూ హీటర్ గాలి చల్లగా ఉందంటే లోపల గాలి ఇరుక్కుంది. వెంటనే ఆపేయండి.

లెక్కల_మేష్టారు

కూలెంట్ సగం, డిస్టిల్డ్ నీళ్లు సగం. చిక్కగా పోస్తే బాగా చల్లబడుతుందనుకోవడం పొరపాటు, ఉత్త నీళ్లకే వేడి మోసే శక్తి ఎక్కువ. కూలెంట్ వేసేది తుప్పు పట్టకుండా, తొందరగా మరగకుండా, గడ్డకట్టకుండా. పాతది నేల మీద పారబోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకితే చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి మూత పెట్టండి.

ముసలి_వ్యాను

పని అయింది! ఫ్యాన్ స్విచ్, మూత, 82 డిగ్రీల రెండు పళ్లేల థర్మోస్టాట్, కొత్త హోసు, కొత్త కూలెంట్. దారం పరీక్షలో 83 దగ్గర పడింది. గాలి తీయడానికే ఎక్కువసేపు పట్టింది, అక్క చెప్పినట్టే.

ఇప్పుడు స్టార్ట్ చేశాక పై హోసు చాలాసేపు చల్లగా ఉండి, ఒక్కసారిగా వేడెక్కుతోంది. ముల్లు సగానికి కొంచెం కింద నిలబడుతోంది, ఖాళీ రోడ్డు మీద కూడా. లోడు వేసుకుని ఎత్తు ఎక్కించాను, ఒక గీత పెరిగి మళ్లీ దిగింది. ట్రాఫిక్‌లో ఫ్యాను దానంతటదే తిరిగి ఆగుతోంది.

చిన్న అనుమానం. హౌసింగ్ అంచున పొద్దున్నే ఒక చుక్క తడి కనిపిస్తోంది. బండి వేడెక్కాక ఉండట్లేదు.

చల్లని_బుర్ర

శుభం. నా మాట వినకపోవడమే మంచిదైంది. నా బండి హౌసింగ్ కూడా విప్పి చూస్తాను.

పానా_బాబాయి

కొత్త పేపర్ గాస్కెట్ మొదటి వేడికి కొంచెం నలుగుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండు బోల్టులూ అదే టార్క్‌కి ఒకసారి సరిచూడు, అంతకు మించి లాగకు. ఆ తర్వాత కూడా తడి వస్తే గాస్కెట్ మార్చాల్సిందే. హోసు క్లిప్పు నుంచి కారి అక్కడికి చేరుతోందేమో కూడా చూడు, చాలాసార్లు అదే. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ ఇప్పుడే మార్చెయ్. పెట్రోలు కలిసిన ఆయిల్ అది, పల్చబడి ఉంటుంది. ప్లగ్గులు శుభ్రం చేసి పెట్టు.

డీజిల్_దొర

ఆటోమేటిక్ చోక్ (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించే కార్బురేటర్ పలక) ఉంటే అది కూడా చూడండి. కొన్ని కార్బురేటర్లలో కూలెంట్ వేడితోనే చోక్ తెరుచుకుంటుంది. ఇన్నాళ్లూ నీళ్లు వేడెక్కలేదు కాబట్టి చోక్ సగం మూసుకునే నడిచి ఉంటుంది, ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) దానికి తగ్గట్టు ఎవరో సర్ది ఉంటారు. ఇప్పుడు వేడెక్కాక ఐడిల్ తేడాగా ఉంటే మళ్లీ సెట్ చేయాలి.

ముసలి_వ్యాను

అవును అన్నా, వేడెక్కాక ఐడిల్ కొంచెం తక్కువైంది, సిగ్నల్ దగ్గర ఆగిపోబోయింది. బోల్టులు సరిచూశాను, తడి క్లిప్పు దగ్గర నుంచే వస్తోంది. క్లిప్పు మార్చి, ఆయిల్ మార్చి, అప్పుడు ఐడిల్ సంగతి చూస్తాను. దానికి వేరే చర్చ మొదలుపెడతా.